సంతకం గడువు దాటితే శిక్ష జనానికా?

మొన్న మా వాడకట్టు పిల్లగాడు ఒక సర్కారు సైట్ల అర్జీ పెట్టనీకి నా దగ్గరికొచ్చిండు. ఇంట్ల వైఫై మీద పేజీ తెరుసుకుంటలేదు. సిమ్ము డేటా మీద తెరుసుకున్నది. ఆఫీసుకు ఫోన్ జేస్తే ‘మీ నెట్ బాగలేదు’ అన్నరు. గడువు ఇంక రెండు రోజులే.

నెట్ మంచిగనే ఉన్నది. సైటు పేరు అడిగితే అంకెల అడ్రసు చెప్పేది డీఎన్ఎస్. ఆ జవాబు నకిలీ కాదని డిజిటల్ సంతకం పెడ్తరు, గదే డీఎన్ఎస్‌సెక్. సంతకానికి గడువుంటది. అది దాటినా, తాళంచెవి మార్చి రిజిస్ట్రీల పాత వివరమే ఉంచినా, సంతకం పరీక్షించే సర్వర్లు జవాబియ్యవు. గూగుల్ 8.8.8.8, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1 గసొంటియే. పరీక్షించని సర్వర్ల మీద సైటు మామూలుగ తెరుసుకుంటది. అందుకే ఒకలకు కనవడ్తది, ఇంకొకలకు కనవడది.

పెద్దోళ్లకూ తప్పలే. 2024 జనవరి 30న రష్యా డాట్ ఆర్‌యూ సైట్లు గీ సంతకాల గడబిడతోనే కొన్ని గంటలు ఆగినయి. 2021ల స్లాక్ కంపెనీ సంతకాలు పెట్టి, తేడా కొట్టంగనే తొందరవడి తీసేసింది. ‘సంతకం ఉంటది’ అనే పాత గుర్తు 24 గంటల దాక సర్వర్ల యాదిలనే ఉండె, జనం ఆగమైరి.

సంతకం వద్దంటలేను. అది లేకుంటే దొంగ సైటుకు మళ్లిచ్చుడు అల్కగైతది. కానీ గడువు చూసే మనిషి ఆఫీసుల ఉండాలె గద! డీఎన్ఎస్‌విజ్‌ల సైటు పేరు కొడితే తెగిన లంకె ఎర్రగ కనవడ్తది, పైస ఖర్చు లేదు. గా బొమ్మనే వాళ్లకు పంపిన. సైటు తెరుసుకోని దినాలు గడువుకు కలపాలె, నేనడిగింది గంతే.