స్పీల్‌బర్గ్ దొంగ అని మనకెలా తెలుసు?

కలకత్తాలో హేతువాదినని చెప్పుకునే పెద్దమనిషిని ఎవరినైనా మాట్లాడించి చూడండి. బాబాల మాటెత్తితే నవ్వుతాడు. జాతకాల మాటెత్తితే రుజువేదంటాడు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడి విగ్రహాలు పాలు తాగాయన్న గోల గుర్తుచేస్తే తలతన్యత మీద పావుగంట పాఠం చెప్తాడు. ఆ తర్వాత మెల్లగా ‘ఇ.టి.’ సినిమా సంగతి ఎత్తండి. "అదా! అది మా సత్యజిత్ రాయ్ కథ. స్పీల్‌బర్గ్ కొట్టేశాడు" అంటాడు. రుజువేదండీ అని అడగండి. "అది అందరికీ తెలిసిందేగా!"

మా ఊళ్ళో చింతచెట్టు మీద దయ్యం ఉందన్న సంగతి కూడా అందరికీ తెలిసిందే.

ఉద్యోగరీత్యా ఈ నగరానికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ మాట కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్‌లో విన్నాను, పుస్తకాల జాతరలో విన్నాను, మా హేతువాద మిత్రుల సమావేశాల్లో లెక్కలేనన్నిసార్లు విన్నాను. ఈమధ్య తెలుగులో కూడా వాట్సాప్ ద్వారా వస్తోంది, "ప్రతి భారతీయుడూ గర్వపడాల్సిన విషయం" అన్న శీర్షికతో. దొంగతనానికి గురవడం గర్వకారణం ఎలా అయిందో నాకు అర్థం కాలేదు. సినిమావాళ్ళ తగాదా మాత్రమే అయితే నేను పట్టించుకోను. కానీ ఒక కథను పాఠకులు ఏం చేశారన్నది ఇక్కడి ప్రశ్న. అందులోనూ మన పాఠకులు.

ముందు తెలిసిన సంగతులు చెప్తాను. రాయ్ తాతగారు ఉపేంద్రకిశోర్ 1913లో ‘సందేశ్’ అనే పిల్లల పత్రిక పెట్టారు. ఆగిపోయిన ఆ పత్రికను 1961లో రాయ్, కవి సుభాష్ ముఖోపాధ్యాయ్ కలిసి మళ్ళీ మొదలుపెట్టారు. 1962లో అందులో ‘బంకుబాబు స్నేహితుడు’ అన్న కథ వచ్చింది. బంకుబాబు పల్లెటూరి బడిపంతులు. మెత్తని మనిషి. సాయంత్రం అరుగు మీద చేరే ఊరి పెద్దలందరికీ ఆయనే నవ్వులాట సరుకు. ఒక రాత్రి ఇంటికి పోతుంటే వెదురుతోపులో, చెరువు దగ్గర, ఒక వ్యోమనౌక కనిపిస్తుంది. అందులో ఆంగ్ అనే గ్రహాంతరవాసి. ప్లూటోకి పోవాల్సినవాడు దారి తప్పి ఇక్కడ దిగాడు. ఇద్దరూ మాట్లాడుకుంటారు. మరీ ఇంత మెతగ్గా ఉంటే ఎలాగయ్యా అని ఆంగ్ మందలిస్తాడు. బంకుబాబు నేరుగా అరుగు దగ్గరికి వెళ్ళి అందర్నీ కడిగేసి వస్తాడు. కథంటే అంతే, చక్కగా ఉంటుంది.

ఈ బీజం నుంచి 1967లో రాయ్ ఇంగ్లీషులో ‘ది ఏలియన్’ అనే స్క్రిప్టు రాశారు. ఆర్థర్ సి. క్లార్క్ ప్రోత్సాహం, క్లార్క్ మిత్రుడు మైక్ విల్సన్ మధ్యవర్తిత్వం, కొలంబియా పిక్చర్స్ పెట్టుబడి. పీటర్ సెల్లర్స్ నటించాలి. సినిమా తయారవలేదు. పదిహేనేళ్ళ తర్వాత, 1982లో, ‘ఇ.టి.’ వచ్చింది. అందులోనూ చిన్నపాటి, మంచి మనసున్న గ్రహాంతరవాసి, ఒక పిల్లవాడితో స్నేహం. రాయ్ గ్రహాంతరవాసి వరిచేను రాత్రికి రాత్రి పండించి, మామిడిచెట్టుకు కాలం కాని కాలంలో కాయలు కాయిస్తాడు. ఇ.టి. వాడిపోయిన పువ్వును బతికిస్తాడు. తన స్క్రిప్టు సైక్లోస్టైల్ ప్రతులు అమెరికా అంతా తిరగకపోతే ‘ఇ.టి.’ సాధ్యమయ్యేది కాదని రాయ్ ఒక ఇంటర్వ్యూలో అన్నారు. క్లార్క్‌కి కూడా పోలికలు కనిపించి, స్పీల్‌బర్గ్‌కి మర్యాదగా ఒక ఉత్తరం రాయమని సలహా ఇచ్చారు. రాయ్ కోర్టుకి మాత్రం వెళ్ళలేదు.

రాయ్ అన్నారు కాబట్టి నిజమేనా? మహానుభావుడు అన్నాడు గనక నిజమనడాన్ని శబ్దప్రమాణం అంటారు. చార్వాకుల వారసులమని ఉపన్యాసాలిచ్చే మనం ప్రత్యక్షాన్ని వదిలేసి దాన్ని పట్టుకున్నాం. రాయ్‌కి అలా అనిపించడం సహజం. ఆయన స్థానంలో నాకూ అనిపించేది. అనిపించడం వేరు, రుజువు కావడం వేరు.

ఇక మా మిత్రుల బ్రహ్మాస్త్రం: "ఆ స్క్రిప్టు హాలీవుడ్‌లో తిరుగుతున్నప్పుడు నేను హైస్కూల్ కుర్రాణ్ణి" అని స్పీల్‌బర్గ్ అన్నట్టుగా చెలామణీలో ఉన్న మాట. స్పీల్‌బర్గ్ పుట్టింది 1946 డిసెంబరులో. హైస్కూల్ ముగించింది 1965లో. స్క్రిప్టు 1967 నాటిది. కాబట్టి ఆ మాట తప్పు, ఒప్పుకుంటాను. కానీ "అబద్ధమాడాడు, కాబట్టి దొంగ" అన్న అంగ ఎక్కడిది? అరెస్టయినవాడు కంగారులో ఇల్లు ఎక్కడో తప్పు చెప్తే, ఇక హత్య చేసింది వాడేనని తేల్చే పోలీసు తర్కం ఇది. ఆ తర్కాన్ని వేరే సందర్భాల్లో మనమే ఖండిస్తుంటాం.

"రాయ్‌కి ముందు గ్రహాంతరవాసులంటే అందరూ రాక్షసులే, మంచివాణ్ణి కనిపెట్టింది ఆయనే" అన్నది ఇంకో వాదన. దీన్ని కొట్టేయడానికి ఒక్క సినిమా చాలు. ‘ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్’ 1951లో వచ్చింది. గ్రహాంతరవాసి క్లాటూ వాషింగ్టన్‌లో దిగి బాబీ అనే పిల్లవాడితో ఊరంతా తిరుగుతాడు. అంటే రాయ్ ఆ సినిమా కాపీ కొట్టారా? కాదు. కథలకు మూలాలు అలా ఒకే నరంలో ప్రవహించవు, అంతే.

మా పక్షానికి నిజంగా బలమైన ఆధారం ఒకటుంది. విచిత్రమేమిటంటే దాన్ని అరిచేవాళ్ళెవరూ వాడరు, బహుశా తెలియక. ‘ఇ.టి.’కి ముందు రూపం ‘నైట్ స్కైస్’ అనే ప్రాజెక్టు. అది నడిచింది కొలంబియా పిక్చర్స్‌లోనే, 1980 ప్రాంతంలో. కొలంబియా వద్దనుకున్నాక ‘ఇ.టి.’ యూనివర్సల్‌కి వెళ్ళింది. రాయ్ స్క్రిప్టు చేరిన కంపెనీ కూడా కొలంబియాయే. కాబట్టి ఎవరో ఒకరు దాన్ని చూసి ఉండే అవకాశం ఉంది. ఇది అవకాశం మాత్రమే. పన్నెండు పదమూడేళ్ళ తర్వాత, జాన్ సేల్స్ గానీ మెలిస్సా మాథిసన్ గానీ స్పీల్‌బర్గ్ గానీ ఆ కాగితాలు చదివారని చూపే ముక్క ఒక్కటీ నాకు ఇంతవరకు ఎవరూ చూపలేదు. గ్రంథచౌర్యం కేసుల్లో చూసేది రెండు: వాడి చేతికి అది అందిందా, పోలిక భావంలోనే ఉందా లేక చెప్పిన తీరులో ఉందా. లిసా లిచ్‌ఫీల్డ్ అనే రచయిత్రి కూడా ‘ఇ.టి.’ తన సంగీత నాటిక నుంచి కొట్టేశారని కేసు వేశారు. అందులోనూ భూమ్మీద చిక్కుకుపోయిన గ్రహాంతరవాసులే. 1984లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు రెంటికీ చెప్పుకోదగ్గ పోలిక లేదని తేల్చింది. అంటే ‘ఇ.టి.’ని తన కథ అనుకున్నది కలకత్తా ఒక్కటే కాదు. దారి తప్పిన అతిథి, ఒంటరి పిల్లవాడు, ఇవి ఎవరి సొత్తూ కావు.

నా తీర్పు అడిగితే: రుజువు కాలేదు. అసాధ్యమనీ తేలలేదు. ఇలాంటి చోట "తెలియదు" అని ఊరుకోవడమే మన మతం, ఆ మాట వాడినందుకు క్షమించాలి.

నాకు కోపం తెప్పించేది ఇది కాదు. ఈ వ్యవహారంలో రాయ్ స్వయంగా, వివరంగా రాసిన అన్యాయం ఒకటుంది. 1980 అక్టోబరులో ‘స్టేట్స్‌మన్’ పత్రికలో రెండు రోజులపాటు వచ్చిన ఆయన వ్యాసంలో ఉంది. 1967లో హాలీవుడ్ వెళ్ళి చూస్తే, తాను ఒక్కరే రాసిన స్క్రిప్టు సైక్లోస్టైల్ ప్రతుల మీద విల్సన్ పేరు కూడా హక్కుదారుగా ఉంది! సినిమా చెడిపోవడానికి ఈ చిక్కు పెద్ద కారణం. విల్సన్ తర్వాత సన్యాసం పుచ్చుకుని స్వామి శివకల్కి అయ్యాడు. తేదీ, కాగితం, సాక్షి ఉన్న ఫిర్యాదు ఇది. దీని గురించి కాఫీ హౌస్‌లో ఎవరైనా బల్ల గుద్దడం నేను చూడలేదు. కాగితం లేని దొంగతనానికేమో నలభై ఏళ్ళుగా గుద్దుతున్నారు. ఎందుకంటే విల్సన్ ఎవరికీ తెలియదు, స్పీల్‌బర్గ్ ప్రపంచానికంతటికీ తెలుసు. దోచుకున్నవాడు ఎంత గొప్పవాడైతే మన సొత్తు అంత గొప్పదన్నమాట.

ఈ మనస్తత్వం మనకు కొత్తది కాదు. ఈ నగరపు శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా దీని మీదే వెక్కిరింతగా రాశారు. నువ్వేం కనిపెట్టావయ్యా అని ఒక ప్లీడరు అడుగుతాడు. సాహా నక్షత్రాల గురించి వివరిస్తారు. ఇందులో కొత్తేముంది, అంతా వేదాల్లో ఉన్నదేగా అంటాడాయన. ఎక్కడుందండీ అంటే, నేను చదవలేదు గానీ ఉందని నమ్మకం అంటాడు. మన తెలుగువాళ్ళ "అన్నీ వేదాల్లోనే ఉన్నాయిష" కూడా ఇదే గూటి పక్షి. 2015 జనవరిలో ముంబై సైన్స్ కాంగ్రెస్‌లో ప్రాచీన విమానాల మీద ప్రసంగం జరిగితే మనమంతా నవ్వాం. బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1974లోనే ‘వైమానిక శాస్త్రం’ ఇరవయ్యో శతాబ్దపు రచన అనీ, అందులోని విమానాలు ఎగరవనీ తేల్చారని సమావేశంలో చదివి వినిపించాం కూడా. చదివిన మిత్రుడే టీ విరామంలో నాతో "స్పీల్‌బర్గ్‌కి సిగ్గుండాలి" అన్నాడు. స్క్రిప్టు చదివారా అని అడిగాను. బంకుబాబు కథ చిన్నప్పుడు చదివాడట.

చదివి ఉంటే ఏం కనిపించేదో చెప్తాను. ‘ది ఏలియన్’లో మంగళ్‌పూర్ అనే ఊళ్ళో తామరచెరువులో ఏదో పడుతుంది. నీళ్ళలోంచి శిఖరం లాంటిది పైకి తేలుతుంది. ఊరివాళ్ళు అదేమిటో చూడరు, తాకరు, అడగరు. భూమిలోంచి గుడి పుట్టిందని దణ్ణాలు పెడతారు! బజోరియా అనే వ్యాపారి చెరువు తోడించి చుట్టూ చలువరాయి పరిపించి పుణ్యం, పేరు రెండూ మూటగట్టుకోవాలని చూస్తాడు. సెల్లర్స్ వేయాల్సింది ఈ పాత్రే. గ్రహాంతరవాసిని నిజంగా కలిసేవాడు హాబా అనే అనాథ కుర్రాడు, అదీ కలలో. ‘దేవి’, ‘మహాపురుష్’ తీసిన మనిషి, తర్వాత 1989లో గుడి తీర్థంలో కలిసిన రోగాన్ని ‘గణశత్రు’గా తీయబోయే మనిషి రాసిన స్క్రిప్టు. దీనికీ ‘ఇ.టి.’కీ పోలికల జాబితా రాయడంలో పడి మనవాళ్ళు ఆ గుడిని చూడనేలేదు. ‘ఇ.టి.’లో అసలు గుడే లేదు. రాయ్ స్క్రిప్టులో ఎవరూ దొంగిలించలేని భాగం అదే, ఎవరూ దొంగిలించలేదు కూడా.

అన్నట్టు, రాయ్ మొదటి ప్రొఫెసర్ శంకు కథ 1961లో ఇదే ‘సందేశ్’లో వచ్చింది. శంకు తాఫా గ్రహం చేరతాడు. అక్కడివాళ్ళు సౌరమండలంలో మొదట నాగరికులైనవాళ్ళట. చీమల్లాంటి ఆ జీవుల్ని చూసి, వీళ్ళకు సైన్స్ ఏమొచ్చని శంకు పెదవి విరుస్తాడు. తాఫా నిండా మేధావులే అయిపోయి ఇబ్బందిగా ఉండడంతో, వేరే గ్రహాల నుంచి తెలివి తక్కువవాళ్ళను ఏరి తెప్పించుకుంటున్నారన్న సంగతి కథలో ముందే చెప్పారు. శంకు దాన్ని తనకు అన్వయించుకోడు. ఈ కథ చదివి నవ్వని బెంగాలీ హేతువాది లేడు. శంకుని చూసి నవ్వుతాడు లెండి.

"అమెరికావాణ్ణి వెనకేసుకొస్తున్నావు, తెల్లవాళ్ళు మనల్ని దోచుకోలేదా?" అని ఒకాయన అడిగారు. దోచుకున్నారు. లెక్కలున్న దోపిడీలు కావలసినన్ని ఉన్నాయి. లెక్కలేని దాన్ని వాటి పక్కన కూర్చోబెడితే పరువు పోయేది ఉన్నవాటికే. పైగా ‘కోయీ మిల్ గయా’ 2003లో వచ్చినప్పుడు ‘ఇ.టి.’ పోలికల గురించి మనలో ఎంతమంది బల్ల గుద్దారు? మన సింగీతం శ్రీనివాసరావు గారు ‘ఆదిత్య 369’కి వెల్స్ ‘టైమ్ మెషీన్’ స్ఫూర్తి అని హాయిగా చెప్పుకున్నారు, ఎవరి పరువూ పోలేదు.

స్క్రిప్టు దొరకదు కదా అన్న సాకు కూడా ఇప్పుడు లేదు. 2018లో హార్పర్‌కాలిన్స్ ‘ట్రావెయిల్స్ విత్ ది ఏలియన్’ పేరుతో స్క్రిప్టు, ఉత్తరాలు, రాయ్ వ్యాసం, అన్నీ కలిపి పుస్తకం వేసింది. రెండు సాయంత్రాల పని. నా ప్రతి ప్రస్తుతం ఒక మిత్రుడి దగ్గరుంది. టీ విరామంలో స్పీల్‌బర్గ్‌కి సిగ్గుండాలన్నాయనే. ఆయన తిరిగిచ్చాక ఎవరికి కావాలన్నా ఇస్తాను. ‘ఇ.టి.’ కూడా ఇంకోసారి చూసి, అప్పుడు పోలికలు రాసి పంపండి.