బొమ్మను చూసి కొనాలి, పెట్టెను చూసి కాదు

వీడియో ఆటల వీరుల బొమ్మలు పట్టణాల దుకాణాలు దాటి తిరునాళ్ల అంగళ్లకు కూడా చేరాయి. 1981లో జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ ఆటతో లోకానికి పరిచయమైన మారియో, 1991లో సేగా కంపెనీ ఆటతో వచ్చిన సోనిక్ నేడు పల్లె పిల్లలకూ తెలుసు. తెర మీద ఆడించిన వీరుణ్ణి చేతిలో పట్టుకోవాలని పిల్లవాడు మారాం చేస్తాడు. తండ్రి జేబు తడుముకుంటాడు. బొమ్మ కొనడంలో తప్పులేదు. కాని కష్టపడి సంపాదించిన డబ్బుతో కొనే వస్తువు మంచిచెడ్డలు చూసుకోకపోవడం విచారకరం.

ఎద్దును కొనబోయే రైతు పళ్లు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి మరీ బేరం మొదలుపెడతాడు. ఆ రైతే బొమ్మ దగ్గరికి వచ్చేసరికి పెట్టె మీది రంగుల అచ్చు చూసి డబ్బు ఇచ్చేస్తున్నాడు.

ఈ బొమ్మల్లో పిల్లలు ఆడుకోవడానికి చేసినవి వేరు, పెద్దవాళ్లు అలమరలో దాచుకోవడానికి చేసినవి వేరు. దాచుకునే బొమ్మలకు ఖరీదెక్కువ. ఈ రెండింటికీ నకళ్లు ఉన్నాయి. పైగా కేంద్ర ప్రభుత్వం ఆటబొమ్మలపై దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. కనుక విదేశీ అసలు బొమ్మ కారుచవకగా ఇస్తామంటే అనుమానించవలసిందే.

మంచి బొమ్మను గుర్తుపట్టడం బ్రహ్మవిద్య కాదు. రంగు గీత దాటకూడదు. టోపీ ఎరుపు నుదుటికి అంటకూడదు, కనుగుడ్డు పక్కకు జరగకూడదు. అచ్చు రెండు సగాలు కలిసిన అతుకు వేలికి గరుకుగా తగలకూడదు. మోచేయి, మోకాలు వంచితే వంచినచోటే నిలవాలి. వేలాడిపోతే కీలు వదులని అర్థం. మరీ బిగుసుకుపోతే నాలుగు రోజుల్లో విరుగుతుంది. పాదం కిందనో, పీఠం కిందనో తయారీదారు పేరు ఉందేమో చూడాలి. పెట్టె తెరవగానే ఘాటైన వాసన కొడితే ఆ బొమ్మను అక్కడే వదిలేయడం మేలు.

మన ఎండలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ బొమ్మల్లో మెత్తని భాగాలను ఎక్కువగా పీవీసీ ప్లాస్టిక్‌తో చేస్తారు. అది వేడికి మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో రేకుల ఇంట్లో కిటికీ పక్కన నిలబెట్టిన బొమ్మ సన్నని కాళ్ల మీద ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఎంత ఖరీదైనదైనా అంతే. కాబట్టి కాళ్ల దిట్టం, పీఠం పట్టు చూసి కొనాలి. ఎండ తగలనిచోట ఉంచాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది పిల్లల ఆరోగ్యం. పద్నాలుగేళ్లలోపు పిల్లల ఆటకు ఉద్దేశించిన బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. రంగుల్లో సీసం వంటి లోహాలకు, ప్లాస్టిక్‌ను మెత్తబరచే థాలేట్లకు ఆ ప్రమాణాల్లో పరిమితులు ఉన్నాయి. ముద్ర దగ్గర ఉండే సీఎం/ఎల్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అసలుదో కాదో తేల్చుకోవచ్చు. పెద్దవాళ్ల కోసం చేసిన బొమ్మపై ఈ ముద్ర ఉండకపోవచ్చు. వయసు సంగతి పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదవకుండా అన్నీ నోట్లో పెట్టుకునే పసివాడి చేతికి ఇస్తే దాని ఫలితం అనుభవించేది ఆ పసివాడే.

నమోదైన హస్తకళాకారులు స్వయంగా చేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కొండపల్లి బొమ్మకు ఆ గుర్తింపు ఉంది. తెల్లపొణికి చెక్కను చెక్కి, చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి అతికే ఆ బొమ్మకు ముద్ర అక్కరలేకపోవచ్చు గాని, కొనేవారి చూపు అక్కరలేదనడానికి వీల్లేదు. దాని అతుకూ రంగూ పీఠమూ కూడా పరీక్షించవలసినవే. అలా చూసి కొనేవారు ఉన్నప్పుడే పనితనం గల కళాకారుడికి తగిన ధర దక్కుతుంది. చూడకుండా బేరమాడేవాడు నాసిరకానికే గిరాకీ పెంచుతాడు.

దుకాణదారులు ప్రతి రకంలో ఒక బొమ్మనైనా పెట్టె విప్పి చూపాలి. పెట్టె విప్పనంటే కొనుగోలుదారులు ఊరుకోకూడదు. ముద్ర లేని ఆటబొమ్మలు అమ్మితే రెండేళ్ల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయలకు తగ్గని జరిమానా గాని విధించవచ్చని 2016 నాటి చట్టం చెబుతోంది. తిరునాళ్లు ముగిశాక తనిఖీలు చేసి ప్రయోజనం లేదు. అంగళ్లు వెలిసిన మొదటి రోజే అధికారులు రంగంలోకి దిగాలి.