తెల్ల టేపు పెత్తనం

"ఏ పైపైతేనేం, నాలుగు చుట్లు టేపు చుట్టి పానాతో బలంగా లాగితే చుక్క కారదు." ఆటోనగర్లలో అనుభవం పేరుతో చెలామణి అయ్యే మాట ఇది. టిప్పర్ జాకీకైనా, ప్రెస్సుకైనా, ఎక్స్‌కవేటర్‌కైనా ఇదే వైద్యం. ఈమధ్య పాలిటెక్నిక్ చదివొచ్చిన కుర్రాళ్లు కూడా ఇదే పాఠం అప్పజెబుతుంటే ఒళ్లు మండక ఏం చేస్తుంది?

మేడ మీది ట్యాంకు నుంచి పది మీటర్లు కిందికి దిగిన నీటికి ఉండే ఒత్తిడి ఒక్క బార్. హైడ్రాలిక్ ప్రెస్సులో 200 బార్లు మామూలే, ఎక్స్‌కవేటర్లో 300 దాటుతుంది. కుళాయిలో 200 బార్లు రావాలంటే ట్యాంకును రెండు కిలోమీటర్ల ఎత్తున కట్టాలి. ప్లంబింగు విద్యను తెచ్చి ఇక్కడ తగిలించడం బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమే.

టేపర్ త్రెడ్ 19వ శతాబ్దంలో ఆవిరి, గ్యాస్, నీటి గొట్టాల కోసం స్థిరపడింది. బిగించేకొద్దీ మర మరలో ఇరుక్కుంటుంది, అయినా పళ్ల అంచుల వెంట సన్నటి దారి మెలికలు తిరుగుతూ మిగిలిపోతుంది. దాన్ని పూడ్చడానికే టేపు. అంటే పట్టి ఉంచే పని, కారకుండా ఆపే పని రెండూ మర నెత్తినే పడ్డాయి. ఎల్బో బిగుసుకుంది, కానీ దాని మూతి హోసు వైపు తిరగలేదు. అప్పుడు ఫిట్టరు ఏం చేస్తాడు? ఇంకో పావు చుట్టు లాగితే పోత ఇనుము వాల్వు చీలొచ్చు. వెనక్కి తిప్పితే కారుతుంది. ఇక చిరిగిన టేపు పీలికలు నూనెలో కొట్టుకుపోయి, కొన్ని మైక్రాన్ల సందులో కదిలే వాల్వు స్పూలు దగ్గర ఇరుక్కుంటాయి. అప్పుడు తప్పు పంపుది, నూనెది, ఆపరేటర్‌ది. టేపుది మాత్రం కాదట!

అమెరికా ఎన్‌పీటీ, బ్రిటన్ బీఎస్‌పీ త్రెడ్లకు అరంగుళం, ముప్పావంగుళం సైజుల్లో అంగుళానికి 14 పళ్లే. అందుకే ఒకదానిలోకి ఒకటి కొన్ని చుట్లు ఎక్కేస్తుంది. పళ్ల కోణం మాత్రం ఎన్‌పీటీలో 60 డిగ్రీలు, బీఎస్‌పీలో 55. "పట్టేసిందిగా" అంటూ మరింత టేపు దట్టించి బండి పంపేస్తారు.

కొనుగోలు విభాగాల సంగతి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. లక్షలు పోసి పంపు కొని, "ఫిట్టింగులు, ఒక సెట్టు" అని ఆర్డరు రాసేవారికి లీకు గురించి గొణిగే హక్కెక్కడిది?

"వెల్డింగే గట్టి" అనే బృందమూ ఉంది. లావుపాటి, కదలని లైన్లకు సరే. లోపలి తుక్కు శుభ్రం చేయకుండా నూనె పోస్తే టేపు పీలికలే నయం అనిపిస్తుంది.

మర పట్టుకోవాలి, ఆపే పని వేరేదానికి వదలాలి. 37 డిగ్రీల ఫ్లేరు, 24 డిగ్రీల కోనులో కటింగ్ రింగు, ఓ రింగు ఫేస్ సీలు, లావు గొట్టాలకు నాలుగు బోల్టుల ఫ్లాంజి, అన్నీ ఆ పద్ధతే. నీల్స్ క్రిస్టెన్సెన్ 1937లో అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఓ రింగు, ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా అదుముకుంటుంది. అదురు ఎక్కువున్న చోట దానికే ఓటు. మిగతాది యంత్రాన్ని బట్టి.

"కాస్త కారితే ఏమైంది" అనేవారికి ఒక లెక్క. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా, సెకనుకో చుక్క చొప్పున రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు నూనె నేలపాలు. కారేచోటును అరచేత్తో తడిమి వెతికే అలవాటు ఇంకా ఘోరం. కంటికి ఆనని ధార చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూదిపోటంతే కనిపిస్తుంది, ఆపరేషన్ ఆలస్యమైతే వేలో చెయ్యో పోవచ్చు. లీకు వెతకడానికి అట్టముక్క వాడాలి, అదీ దూరంగా పట్టుకుని.

హైడ్రాలిక్ లైను వేయించుకునేవారికి ఒక మనవి. పోర్టు ఏ త్రెడ్డు, సీలు ఏ రకం, పని ఒత్తిడి ఎన్ని బార్లు, ఈ మూడూ రాయని కొటేషన్ మీద సంతకం పెట్టకండి.