దిక్కులేని ఓవెన్ మన రూములో వద్దు



ఈ వారం జీతాల గురించో, వీసాల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. కాదు. రూములో మూలకున్న ఓవెన్ గురించి రాస్తున్నాను. "గదేం పెద్ద ముచ్చటన్నా, బటన్ నొక్కితే తిరుగుతది, టింగ్ అంటే తీసుకుంటం" అని నవ్వకండి. పోయిన చలికాలం దాకా నేనూ అట్లనే అనుకున్నాను.

మా పక్క రూములో ఒక తమ్ముడు ఉన్నాడు. నైట్ డ్యూటీ దిగి వచ్చి, చాయ్ కోసం గాజు గ్లాసులో నీళ్లు పోసి ఓవెన్‌లో పెట్టాడు. బయటికి తీస్తే నీళ్లు నిమ్మళంగా ఉన్నాయి, ఒక్క బుడగ లేదు. ఇంకా మరగలేదేమో అనుకుంటూనే చెంచాడు చక్కెర వేశాడు. అంతే. గ్లాసులో నీళ్లు ఒక్కసారి పైకెగిరి చేతి మీద, మెడ మీద పడ్డాయి. పదకొండు రోజులు డ్యూటీకి పోలేదు. ఆ నెల జీతంలో కోత పడింది. వీసా కోసం ఊళ్లో తెచ్చిన అప్పుకు మిత్తి మాత్రం ఆగలేదు.

తప్పు ఆ పిల్లాడిది కాదు. నునుపు గ్లాసులో నీళ్లను ఓవెన్‌లో పెడితే 100 డిగ్రీలు దాటినా కొన్నిసార్లు మరగవు. లోపల వేడి ఉంటుంది, పైకి కనిపించదు. చక్కెరో, చాయ్ పత్తో, చెంచానో తగలగానే ఒక్కసారిగా పొంగి చిమ్ముతాయి. గ్లాసులో ముందే ఒక చెక్క చెంచానో, ఐస్‌క్రీం పుల్లో వేసి పెడితే, తీసే ముందు ఒక నిమిషం ఆగితే ఈ ప్రమాదం చాలా మటుకు తప్పుతుంది. కెటిల్ ఉంటే నీళ్లు దాంట్లోనే కాచుకోవడం ఇంకా మంచిది. ఈ చిన్న మాట అతనికి ఎవరూ చెప్పలేదు. మాకు తెలిస్తే కదా చెప్పడానికి!

ఆ రాత్రి కూర్చొని మాట్లాడుకున్నాం. ఆ ఓవెన్ ఎవరిది? ఎవరికీ తెలియదు. ఇంటికి వెళ్లిపోయిన ఎవరో వదిలిపెట్టి పోయారు. వాళ్లకు అంతకుముందు ఇంకెవరో ఇచ్చారట. తలుపు సరిగ్గా పడకపోతే మడిచిన అట్టముక్క దోపి నడిపిస్తున్నారు. లోపల కూర మరకలు నల్లగా మాడి ఉన్నాయి. ఎనిమిది మంది వాడతారు, ఒక్కరూ చూడరు. ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఓవెన్ చెడ్డది కాదు. దిక్కులేని ఓవెన్ చెడ్డది. రూములో దానికి ఒక మనిషి పేరు ఉండాలి. లేదంటే ఆ ఓవెన్ రూములో ఉండొద్దు.

మనం భయపడాల్సిన దానికి భయపడం, అక్కర్లేని దానికి భయపడతాం. "ఓవెన్ అన్నం తింటే క్యాన్సర్ వస్తది" అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఓవెన్ తరంగాలు ఎక్స్‌రే లాంటివి కావు. రేడియో తరంగాల జాతికి చెందినవి. అన్నంలోని నీటిని కదిలించి వేడి పుట్టిస్తాయి, అంతే. ఓవెన్ ఆగిన క్షణంలో అవీ ఆగిపోతాయి, అన్నంలో ఏమీ మిగలదు. తలుపు అద్దంలో కనిపించే జాలీ ఆ తరంగాలను బయటికి రానివ్వదు. తలుపు తీయగానే మిషను ఆగిపోయేలా లోపల స్విచ్చులు ఉంటాయి. అందుకే తలుపే దాని ప్రాణం. తలుపు వంగినా, అద్దం పగిలినా, జాలీ చిరిగినా, గొళ్లెం వదులైనా, తలుపు తీసినా తిరుగుతూనే ఉన్నా, ఆ ఓవెన్‌ను ఆ రోజే ఆపేయాలి. అట్టముక్క దోపి నడిపించడం తెలివి అనుకున్నాం. కాదు, అది కన్ను కప్పుకోవడం. ఫోను లోపల పెట్టి రింగైతే లీకు అని వీడియోలు వస్తున్నాయి. ఆ పరీక్షతో ఏమీ తేలదు, ఎవరైనా చూడక బటన్ నొక్కితే ఫోనుకు ఫోను పోయి మంటలు కూడా రావచ్చు.

అసలు భయం కరెంటుది. ఓవెన్ ముందు 800 వాట్స్ అని రాసి ఉంటే, అది అన్నానికి అందే లెక్క. గోడ నుంచి అది 1200, 1300 దాకా లాగుతుంది. కెటిల్ ఇంకో 2000 లాగుతుంది. మనం ఉండే దేశాల్లో ఎక్కువ చోట్ల వాడే చదరపు పిన్నుల ప్లగ్గులో 13 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. అది మోసేది సుమారు 3000 వాట్స్. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఓవెన్, కెటిల్ రెండూ పెడితే లెక్క దాటిపోయింది. దానికే రైస్ కుక్కర్ కూడా పెట్టేవాళ్లున్నారు. సన్న వైరు వేడెక్కుతుంది, దాని మీద దుప్పటో, చాపో ఉంటుంది, పక్కనే రెండంతస్తుల మంచాలు, బయటికి పోయేందుకు ఒక్కటే తలుపు. రాత్రి రెండు గంటలకు ఆ వైరు అంటుకుంటే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి.

అందుకే ఓవెన్‌ను నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టండి. ఇంటి నుంచి తెచ్చిన గుండ్రటి ప్లగ్గును, పెన్ను మూతతో పై రంధ్రం తెరిచి లోపలికి తోసే అలవాటు మనకుంది. అట్లా తోస్తే ఎర్త్ అందదు. ఓవెన్ బాడీ ఇనుముది. ఎర్త్ లేకుండా లోపల వైరు తగిలితే, ముట్టుకున్నవాడి మీదుగానే కరెంటు పోతుంది. ఫ్యూజు పోతే దాని బదులు వెండి కాగితం చుట్టకండి. ఫ్యూజు పోయిందంటే అది మిమ్మల్ని కాపాడిందని అర్థం.

ఇంకో మాట, సైటులో ఎలక్ట్రీషియన్ పని చేసే తమ్ముళ్లకు. మీకు పని తెలుసు, కాదనను. కానీ ఓవెన్ డబ్బా విప్పకండి. లోపల 2000 వోల్టులకు పైగా నడుస్తుంది. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా కెపాసిటర్‌లో కరెంటు నిల్వ ఉంటుంది. దాంతో ప్రాణాలు పోయినవాళ్లున్నారు. కొత్తది కొనడానికి వెనకాడి ప్రాణం పందెం పెట్టొద్దు.

లోపల ఏం పెట్టొద్దో కూడా చెప్పుకుందాం. స్టీల్ టిఫిన్ డబ్బా, చెంచా, హోటల్ నుంచి తెచ్చిన వెండి కాగితం డబ్బా, బంగారు అంచు ప్లేటు, స్టాప్లర్ పిన్ను ఉన్న కవరు పెట్టకండి, నిప్పురవ్వలు లేస్తాయి. పెంకుతో కోడిగుడ్డు పెడితే బాంబులా పేలుతుంది. ఉడికించి పెంకు తీసిన గుడ్డు కూడా మళ్లీ వేడి చేస్తే నోటి దగ్గర పేలవచ్చు, ముక్కలు కోసి పెట్టండి. మూత బిగించిన డబ్బా పెట్టకండి, మూత వదులు చేసి ఆవిరికి దారి ఇవ్వండి. పెరుగు డబ్బాలు, నీళ్ల సీసాలు, పల్చటి ప్లాస్టిక్ కవర్లు, మెలమైన్ ప్లేట్లు వద్దు. ఓవెన్‌కు పనికొస్తుందని గుర్తు ఉన్న గాజు గిన్నె, పింగాణీ గిన్నె మనిషికొకటి కొనుక్కుంటే సరిపోతుంది. సాక్సులు, బనియన్లు ఆరబెట్టడానికి ఓవెన్ కాదు. నవ్వకండి, నేను కళ్లారా చూశాను. ఖాళీ ఓవెన్ తిప్పినా మిషను పాడవుతుంది.

శుభ్రం చేయడం పది నిమిషాల పని. గిన్నెలో నీళ్లు, నాలుగు నిమ్మ ముక్కలు వేసి మూడు నిమిషాలు తిప్పండి. ఐదు నిమిషాలు తలుపు తీయకుండా ఆగండి. ఆ ఆవిరికి మరకలన్నీ మెత్తబడతాయి. ప్లగ్గు తీసేసి తడిబట్టతో తుడవండి. స్టీల్ పీచు పెట్టి రుద్దకండి, పెయింటు లేచిన చోట నిప్పురవ్వలు వస్తాయి. లోపల పక్క గోడకు అట్టలాంటి చిన్న పలక ఉంటుంది, దాన్ని పీకకండి. దాని మీద పడిన నూనె మాడితే అక్కడ నుంచే రవ్వలు మొదలవుతాయి, అందుకే అక్కడ మరక ఉంచకండి. తలుపు అంచులు కూడా తుడవండి, జిడ్డు పేరుకుంటే తలుపు సరిగ్గా పడదు. బొద్దింకలు వెచ్చదనానికి లోపలికి దూరి మిషనును పాడు చేస్తాయి, అందుకని చుట్టుపక్కల తిండి మెతుకులు ఉంచకండి. ఓవెన్‌కు వెనకా పైనా గాలి ఆడే జాగా వదలండి. పైన బట్టలు, దుప్పట్లు పెట్టకండి.

అన్నం విషయం. తెల్లవారుజామున వండి, మధ్యాహ్నం సైటులో తిని, మిగిలింది రాత్రి ఓవెన్‌లో వేడి చేసుకుంటున్నాం. వండిన తిండిని బయట రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఓవెన్ దాన్ని బాగు చేయదు. రాత్రికి కావాల్సింది వండగానే తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, ఎండలో తిరిగొచ్చిన డబ్బాలో మిగిలింది పారేయండి. పారేయడం మనసుకు కష్టమే, నాకూ కష్టమే. కానీ వాంతులు పట్టుకొని రెండు రోజులు పడుకుంటే పోయే జీతం ఆ అన్నం కంటే ఎక్కువ. ఫ్రిజ్‌లోంచి తీసింది వేడి చేసేటప్పుడు మధ్యలో ఒకసారి ఆపి కలపండి. ఓవెన్ అంచులను కాలుస్తుంది, నడిమధ్యలో చల్లగా వదిలేస్తుంది.

ఇళ్లలో పని చేసే అక్కచెల్లెళ్లకు ఒక మాట. పసిపిల్లల పాలసీసాను ఓవెన్‌లో వేడి చేయకండి. సీసా బయట గోరువెచ్చగా ఉన్నా, లోపల పాలు ఒక చోట నోరు కాలేంత వేడిగా ఉండొచ్చు. పాప నోరు కాలితే ఆ తప్పు మీ మీదే పడుతుంది, మీ మాట వినేవాళ్లు ఉండరు. వేడి నీళ్ల గిన్నెలో సీసా పెట్టి వెచ్చబెడతానని మేడంకు ముందే చెప్పండి. మణికట్టు మీద రెండు చుక్కలు వేసి చూశాకే పట్టండి.

"ఇవన్నీ కంపెనీ చూసుకోవాలె గదా అన్నా" అని ఒక తమ్ముడు అడిగాడు. నిజమే, చూడాలి. క్యాంపు ఓవెన్ చెడిపోతే ఫోటో తీసి, తారీఖు వేసి, క్యాంప్ బాస్‌కు మెసేజ్ పెట్టండి. నోటిమాట గాలికి పోతుంది, మెసేజ్ సాక్ష్యంగా ఉంటుంది. రూములో ఇలాంటి సామాను పెట్టొద్దని చాలా క్యాంపుల్లో రూలు ఉంది. అక్కడ దాన్ని మంచం కింద దాచి వాడుకోవడం అన్నిటికంటే ప్రమాదం, గాలి ఆడదు, మంట వచ్చినా కనిపించదు. దాచడం మానేసి, అందరూ కలిసి ఉమ్మడి వంటగదిలో మంచి ఓవెన్ పెట్టించమని అడగండి. ఒక్కడు అడిగితే తిడతారు, నలభై మంది సంతకం పెట్టిన కాగితాన్ని అంత తేలిగ్గా పక్కన పడేయలేరు. అయితే కంపెనీ చేసేదాకా మన ప్రాణం మనమే చూసుకోవాలి.

రూలు ఒప్పుకునే చోట మేం చేసింది ఇది. ఎనిమిది మంది తలా 30 దిర్హాములు వేసుకొని చిన్న కొత్త ఓవెన్ తెచ్చాం. గోడకు ఒక కాగితం అంటించాం. నెలకొకరి పేరు దాని మీద ఉంటుంది. ఆ నెల శుభ్రం, ప్లగ్గు, తలుపు చూడటం అతని పని. కొత్తగా రూముకు వచ్చిన పిల్లాడికి వాడటం నేర్పేదీ అతనే. పెద్ద కష్టమేమీ కాలేదు.

ఈ నాలుగు మాటలు కూడా ఆ కాగితం మీదే రాసుకోండి. ఓవెన్ లోపల మంట వస్తే తలుపు తెరవకండి, గోడ దగ్గర స్విచ్చి ఆపి ప్లగ్గు తీయండి, నీళ్లు చల్లకండి. మంట బయటికి వస్తే సామాను కోసం ఆగకుండా అందరినీ లేపి బయటపడి ఫోన్ చేయండి. యూఏఈలో 997, సౌదీలో రియాద్, మక్కా, మదీనా, తూర్పు ప్రాంతాల్లో 911, మిగతా చోట్ల 998, కువైట్‌లో 112, ఖతర్‌లో, బహ్రెయిన్‌లో 999, ఒమన్‌లో 9999. ఒళ్లు కాలితే 20 నిమిషాలు చల్లటి నీళ్లు పారించండి. ఎండాకాలం మన నల్లాలో వేడి నీళ్లే వస్తాయి కాబట్టి తాగే నీళ్ల క్యాన్ వాడండి. పసుపు, టూత్‌పేస్టు, ఐసు పెట్టకండి. బొబ్బలు పెద్దగా ఉంటే ఆసుపత్రికి పోండి.

చివరగా పాత ఓవెన్ సంగతి. దాన్ని బయట పెడదామంటే, "పక్క క్యాంపులో కొత్త పిల్లలున్నరు, వాళ్లకిద్దాం, పుణ్యముంటది" అన్నాడు ఒకతను. నేను వద్దన్నాను. మనం వాడటానికి భయపడిన దాన్ని ఇంకొకరికి ఇస్తే పుణ్యం ఎట్లా అవుతుంది? ప్లగ్గు తీసి, వైరు మొదట్లో కోసేసి, ఎవరూ ఎత్తుకుపోకుండా చేసి పారేశాం. మీ రూములో కూడా అలాంటిది ఉంటే ఈ శుక్రవారం అదే చేయండి. ఈ ముచ్చటను మీ రూము గ్రూపులో పెట్టండి. చదవడం రానివాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకొని చదివి వినిపించండి.