చూసే ఆట కాదు, ఆడే ఆట

యూరప్ క్లబ్బుల ఫుట్‌బాల్ మ్యాచ్‌ల కోసం మీ పిల్లలు అర్ధరాత్రి దాకా మేలుకుంటున్నారా? ఆ నైపుణ్యం గొప్పదే. కానీ పరుగు వాళ్లది, చెడే నిద్ర మీ పిల్లలది.

స్కూలు, కాలేజీ మ్యాచ్‌లలో అంత మెరుపులుండవు. అయితే గోల్ కొట్టేది పక్కింటి అబ్బాయి, ఆపేది మీ అమ్మాయి కావచ్చు. చూసిన పిల్లలకు ‘నేనూ ఆడతా’ అనిపిస్తుంది. అదే ఆ ఆట ఆకర్షణ. బడి మైదానం చిన్నదేం కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి చేర్చిన హైదరాబాదీ కోచ్ ఎస్.ఎ. రహీం స్కూలు మాస్టారే.

5-17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గుండెకు, ఎముకలకు, మనసుకు అదే బలం. పదో తరగతి పేరుతో ఆటల పీరియడ్‌ను లెక్కలకు మళ్లిస్తుంటే స్కూలువారిని అడగండి. పిల్లల మ్యాచ్ ఉన్న రోజు మీరూ వెళ్లి చప్పట్లు కొట్టండి.