మాత్రలు వాడుతోందిగా!

"మాత్రలు వాడుతోందిగా, ఇంకా ఏమొచ్చిందంట?" ఈ వారం చర్ల బస్సులో వెనక సీట్లోంచి విన్నాను. ఎవరో కోడలి గురించి అంటున్నారు. డిప్రెషన్‌కు మందులు వాడుతున్న మనిషిని ఇంతకంటే ఒంటరిని చేసే మాట ఉండదు.

ఏడుపు ఆగింది, చావు తలపు పోయింది. ఇక నయమైనట్టేనని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, ఓపీ రద్దీలో డాక్టరూ అనుకుంటారు. తెల్లారుజామున మూడింటికే మెలకువ వస్తుంటే, మిరపకోతకు పోయిన మనిషికి పూట గడవకముందే ఒళ్లు సహకరించకపోతే, పెళ్లికి పిలిచినా గడప దాటబుద్ధి కాకపోతే బతుకు బాగుపడినట్టా? అమెరికాలో జరిగిన స్టార్-డి అధ్యయనంలో మొదటి మందుతో జబ్బు లక్షణాలు దాదాపుగా పోయినవాళ్లు మూడోవంతు మందే. మిగతావాళ్లకు మోతాదు చూడాలి, మందు మార్చాలి, కూర్చోబెట్టి మాట్లాడాలి.

జీవన నాణ్యత కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన 26 ప్రశ్నల్లో నిద్ర, ఓపిక, డబ్బు, స్నేహితులతో పాటు ప్రయాణ సౌకర్యం గురించి కూడా ఉంది. ఆ ఒక్క ప్రశ్న మన ఏజెన్సీలో అడిగి చూడండి. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం తెలంగాణలోని ముంపు మండలాలను ఆంధ్రలో కలిపారు. భద్రాచలం ఇటు తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక అటు పోయింది. ఎదురుగా పెద్దాసుపత్రి కనిపిస్తున్న మనిషికి జిల్లా కేంద్రం కాకినాడ అయింది, 2022లో పాడేరు అయింది. ఆరోగ్య కార్డు ఒక రాష్ట్రానిది, ఆసుపత్రి మరో రాష్ట్రానిది. ఈ సరిహద్దు గీత మీద నా కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు, చల్లారదు కూడా. ప్రాజెక్టుకు ఎంత నీరు నిలవాలో లెక్కలు కట్టారు. ఆ మండలాల రోగి ఏ ఊరు వెళ్లి చూపించుకోవాలో ఎవరూ ఆలోచించలేదు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఊళ్లు నీళ్లలో ఉంటే నెల మాత్రలు ఎవరు తెచ్చిపెడతారు? ఈ మందులు ఉన్నట్టుండి ఆపితే తల తిరుగుతుంది, కంగారు పుడుతుంది, జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆవశ్యక మందుల జాబితాలోనివన్నీ సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి దాకా ఎల్లవేళలా ఉచితంగా దొరకాలి. రెండు ప్రభుత్వాలూ కూర్చుని మాట్లాడుకోండి. వరదలు రాకముందే రెండు నెలల మందు ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. ఆంధ్రలో కలిసిన చింతూరు మనిషి భద్రాచలంలో చూపించుకుంటే ఆ ఖర్చు సొంత రాష్ట్రం భరించాలి. మందు చీటీ రాసే ముందు నిద్ర పడుతోందా, పనికి పోగలుగుతున్నావా, ఇంట్లో నీతో ఎవరు మాట్లాడుతున్నారు అని ఆ కోడలిని అడిగే ఒక మనిషిని ప్రతి కేంద్రంలో కూర్చోబెట్టండి.