కమిటీ కుర్చీ ఒక అమానత్

ఆ మధ్య ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక కోకాపేట నుండి వచ్చిన ఒక సోదరుడు మా ప్రక్కన కూర్చున్నారు. వారు ఐటీ ఉద్యోగి. తాము నివసించే అపార్టుమెంటు సముదాయంలో యజమానుల సంఘానికి ఎన్నికలు జరుగనున్నాయట. "మౌలానా గారూ, నన్ను కోశాధికారిగా నిలబడమంటున్నారు. ఎంత చేసినా మాట పడక తప్పదు. ఒప్పుకోమంటారా, తప్పుకోమంటారా?" అని అడిగారు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. చాలా ఏళ్ల క్రితం మేము కూడా ఒక మస్జిదు కమిటీలో చందాల లెక్క వ్రాసేవారము. ఒక రమజాను హడావిడిలో రెండు వారాల చందాలను పుస్తకంలోకి ఎక్కించలేదు. సొమ్ము బీరువాలోనే ఉంది, ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. కాని ఒక పెద్దాయన లెక్క అడిగిన రోజున చూపడానికి మా చేతిలో కాగితం లేదు. "మీరు తినలేదని నాకు తెలుసు. మిమ్మల్ని ఎరుగని వాడికి ఏం చూపుతారు?" అన్నారాయన. ఆ ప్రశ్న నేటికీ మా చెవుల్లో ఉంది.

కోకాపేట సామాన్యమైన చోటు కాదు. 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ నిర్వహించిన నియోపొలిస్ వేలంలో అక్కడ ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. అటువంటి నేల మీద లేచిన భవనాల్లో లిఫ్టులు, జనరేటర్లు, మురుగునీటి శుద్ధి ప్లాంటు, మంటలార్పే ఏర్పాట్లు అన్నీ ఉమ్మడి సొత్తే. వెయ్యి ఫ్లాట్ల సముదాయంలో ఇంటికి నెలకు 5,000 రూపాయల చొప్పున వసూలైతే ఏడాదికి 6 కోట్లవుతుంది. కొనేటప్పుడే అందరూ చెల్లించిన మూలనిధి అదనం. జీతం లేకుండా సెలవు దినాల్లో కూర్చుని పనిచేసే కొద్దిమంది ఈ సొమ్ముకు కాపలాదారులు.

ఇంతటి బాధ్యతకు మనం మనిషిని ఎలా ఎంచుతున్నాము? "మంచివాడు, తినడు" అని చేయి ఎత్తుతాము. దైవప్రవక్త (స) ప్రియ సహచరులైన హజ్రత్ అబూజర్ (రజి) గారి భక్తిని ఎవరూ శంకించలేరు. అయినా వారు పదవి కోరినప్పుడు, ఆ భారానికి మీరు బలహీనులని, అది అమానత్ అని ప్రవక్త (స) మృదువుగా వారించారు. మంచితనం ఒకటి, మోయగల బలం మరొకటి.

ఇక్కడ బలమంటే గొంతు బలం కాదు, కాగితాలు చదివే ఓపిక. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, నిర్మాణ లోపాన్ని స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు తెలియజేస్తే బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. ఉమ్మడి స్థలాల ప్లానులు, పత్రాలు సంఘానికి అప్పగించవలసిన బాధ్యత కూడా బిల్డరుదే. సెల్లారులో నీరు కారుతున్నదని తెలిసీ కమిటీ మొహమాటంతో ఊరుకుంటే ఆ 5 ఏళ్లు ఇట్టే గడిచిపోతాయి. తరువాత మరమ్మతు ఖర్చు ఫ్లాటు కోసం అప్పు చేసి వాయిదాలు కట్టుకుంటున్న ప్రతి కుటుంబం మీదా పడుతుంది. ఆ కమిటీ సభ్యుడు ఒక్క పైసా తినలేదు, కాని పదిమంది హక్కు అతని చేతుల్లోనే పోయింది.

ఇక కానుకల సంగతి. జకాత్ వసూలు చేసి వచ్చిన ఒక ఉద్యోగి కొంత సొమ్మును అప్పగించి, మిగిలినది తనకు కానుకగా వచ్చిందన్నాడు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రవక్త (స) నిలదీశారు. కాపలా కాంట్రాక్టరు పండుగనాడు పంపే డ్రైఫ్రూట్ల పెట్టెకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. ఆ పెట్టె ఫ్లాటుకు రాలేదు, పదవికి వచ్చింది.

ఓటు లేనివారి ఎడల ప్రవర్తన మరొక గీటురాయి. ఇంటి పనివారు ప్రధాన లిఫ్టు ఎక్కితే జరిమానా అన్న నోటీసులు మన నగరంలోనే వార్తలకెక్కాయి. పనిమనిషికి, కాపలాదారుకు, అద్దెకున్న వారికి ఎన్నికల్లో ఓటు లేదు. వారి కోసం మాట్లాడితే సభ్యుడికి దక్కేదేమీ లేదు. అందువల్లనే అక్కడ మనిషి బయటపడతాడు.

ఆ సోదరునితో చివరకు ఇలా అన్నాము: "నిలబడండి. అయితే ప్రతి నెలా జమాఖర్చులు నోటీసు బోర్డుపై పెట్టండి. పెద్ద పనికి మూడు కొటేషన్లు తీసుకోండి. మీ బంధువు పోటీలో ఉంటే ఆ సమావేశం నుండి లేచి వెళ్లండి. తీర్మానాన్ని ఆనాడే వ్రాయించండి. గడువు తీరాక పుస్తకాలు అప్పగించి దిగిపొండి. ఇవి చేయలేమనిపిస్తే ఇప్పుడే తప్పుకోండి, అందులో సిగ్గు లేదు."

"మా ఆవిడ కూడా లెక్కలు చూస్తానంటున్నది" అన్నారు వారు నవ్వుతూ. చూడనివ్వండి అన్నాము. ఏ లిఫ్టు ఎప్పుడు ఆగిందో, ట్యాంకరు ఎన్నిసార్లు వచ్చిందో ఇంట్లో ఉండేవారికే బాగా తెలుసు.

నిలబడని మనకు కూడా కొంత బాధ్యత ఉంది. నెల సొమ్ము గడువులోగా కట్టాలి, సర్వసభ్య సమావేశానికి వెళ్లాలి, లెక్క మర్యాదగా అడగాలి. ఆనాడు మమ్మల్ని అడిగిన పెద్దాయన మా శత్రువు కాదు. ఆయన అడిగిన మరునాటి నుండి మా పుస్తకంలో ఒక్క రోజు కూడా ఖాళీ పోలేదు.